గంగను మళ్లించిన ఫిరంగి దళాధికారి

తెలుగునాట కాటన్ దొర పేరు తెలియని వారు అరుదు. కాట్లీ పేరు తెలిసినవారూ అంతే అరుదు. వినడానికి రెండు పేర్లూ దగ్గరగా ఉన్నా ఇద్దరూ వేరు. ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందినవారు. హరిద్వార్ వద్ద గంగ నీటిని మళ్లించి, గంగా యమునల నడుమ ఉన్న దోఆబ్ మైదానాన్ని తడిపిన సర్ ప్రోబీ థామస్ కాట్లీ బెంగాల్ ఫిరంగి దళంలో అధికారి. నీటిపారుదల ఇంజనీరుగా ఆయన ఏ విద్యాలయంలోనూ శిక్షణ పొందలేదు. అయినా 348 మైళ్ల ప్రధాన కాలువను తవ్వించారు. పదవీ విరమణ తరువాత, ఆ కాలువ కట్టడంలోనే లోపం ఉందంటూ కాటన్ చేసిన తీవ్రమైన ఆరోపణలకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

కాట్లీ 1802 జనవరి 3న ఇంగ్లండ్‌లోని సఫోక్ జిల్లాలో ఒక క్రైస్తవ మతాచార్యుని కుటుంబంలో జన్మించారు. చార్టర్ హౌస్ పాఠశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం నడిపిన అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. ఆయనకన్న ఏడాది చిన్నవాడైన కాటన్ కూడా దాదాపు అవే సంవత్సరాలలో అక్కడ విద్యార్థి. 1819లో ఒకరు కలకత్తాకు, మరొకరు మద్రాసుకు నియమితులయ్యారు.

ఫిరంగి దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా చేరిన కాట్లీ మొదటి కొన్నేళ్లు మామూలు సైనిక విధులలోనే గడిపారు. 1825లో కెప్టెన్ రాబర్ట్ స్మిత్‌కు సహాయకునిగా వెళ్లడంతో ఆయన జీవితం మలుపు తిరిగింది. మొగలుల కాలంలో తవ్వి, తరువాత పూడిపోయిన తూర్పు యమునా కాలువను స్మిత్ పునరుద్ధరిస్తున్నారు. పని నేర్చుకుంటుండగానే భరత్‌పూర్ కోట ముట్టడికి పిలుపు వచ్చింది. 1826 జనవరిలో కోట లొంగిపోయాక కాట్లీ తిరిగి కాలువకే వచ్చారు. ఆ తరువాత ఆయన సర్వీసంతా నీటి పనులతోనే సాగింది.

తూర్పు యమునా కాలువకు 1830లో నీరు వదిలారు. వదిలిన కొద్ది కాలానికే చిక్కు బయటపడింది. కాలువకు ఇచ్చిన వాలు ఎక్కువ కావడంతో నీరు ఉరవడిగా పారి అడుగును కోసివేయసాగింది. వంతెనల పునాదులకు ముప్పు ఏర్పడింది. 1831లో సూపరింటెండెంటు బాధ్యత స్వీకరించిన కాట్లీ కాలువ పొడవునా ఇటుకకట్టుతో మెట్లు కట్టించి నీటి వేగాన్ని అదుపు చేశారు. 12 సంవత్సరాల పాటు ఆయన ఆ పదవిలో ఉన్నారు. ఆయనకు ఇంజనీరింగ్ నేర్పిన బడి ఆ కాలువే అనుకోవాలి. వాలు ఎక్కువైతే ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి తన సొంత కాలువలో మళ్లీ అదే చిక్కులో పడటం ఈ కథలోని వింత.

ఎముకలు, నాణేలు, బావి పునాదులు

కాలువ గట్ల మీద తిరిగిన ఆ సంవత్సరాలలోనే కాట్లీ రచనా వ్యాసంగం మొదలైంది. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసాలు వరుసగా వెలువడ్డాయి. శివాలిక్ కొండవాగుల ఇసుకను కడిగి బంగారం తీసే తీరు గురించి ఒకటి, తారు తయారీ గురించి ఒకటి, కొత్త జాతి పాము గురించి మరొకటి. సహారన్‌పూర్ దగ్గరి బేహట్ వద్ద కాలువ పూడిక తీస్తుండగా నేల అడుగున ఒక పురాతన పట్టణపు శిథిలాలు, నాణేలు దొరికాయి. 1834లో కాట్లీ ఆ సంగతిని ప్రకటించారు.

వీటిలో ఇంజనీర్లకు విలువైనది ఉత్తర దోఆబ్‌లోని స్థానిక మేస్త్రీలు ఇసుక నేలలో బావులు దింపి వాటిపై పునాదులు లేపే పద్ధతిని వివరించిన వ్యాసం. రాయి తగలని నేలలో కట్టడం నిలబెట్టడానికి ఈ దేశపు పనివారు చిరకాలంగా అనుసరిస్తున్న విధానం అది. ఆ బావి పునాదులే తరువాత కాట్లీ కట్టిన అతి పెద్ద కట్టడాన్ని మోశాయి. గోదావరి ఇసుకలో కాటన్ ఆనకట్ట నిలబెట్టినది కూడా బావుల మీదనే.

శివాలిక్ కొండలలో దొరికిన శిలాజాలు ఆయన పేరును యూరప్‌కు చేర్చాయి. సహారన్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానవనానికి అధిపతిగా ఉన్న డాక్టర్ హ్యూ ఫాల్కనర్ ఆయన మిత్రుడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో కాలువ కోసం కొండ తవ్వినప్పుడు రాక్షసుల ఎముకలు బయటపడినట్లు ఫెరిష్తా తన చరిత్రలో రాసి ఉన్నాడు. 1830ల తొలి సంవత్సరాల నుంచి మిత్రులిద్దరూ అదే కొండల వరుసలో వెదకి మాస్టోడాన్ ఏనుగులు, నీటి గుర్రాలు, మొసళ్లు, వానరాల శిలాజాలను పోగుచేశారు. జిరాఫీ జాతికి చెందిన, విశాలమైన కొమ్ములు గల ఒక భారీ జంతువుకు శివుని పేరు మీద శివథీరియం అని నామకరణం చేశారు. బండి చక్రాన్ని మించిన పెంకు గల తాబేలు ఒకటి కూడా వారి సేకరణలో ఉంది. 1837లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం ఇద్దరికీ వొల్లాస్టన్ పతకం ప్రకటించింది. కాట్లీ తన సేకరణను 214 పెట్టెలలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు పంపారు. ఇద్దరి పేర్లతో 1846 నుంచి వెలువడిన ఫానా ఆంటిక్వా శివలెన్సిస్ అనే బృహద్గ్రంథం అసంపూర్తిగానే మిగిలిపోయింది. హిమాలయాలలో పెరిగే అల్లం కుటుంబపు మొక్కల జాతి ఒకటి కాట్లీయా అన్న పేరుతో నేటికీ ఆయనను గుర్తు చేస్తున్నది.

కరువు తెచ్చిన కాలువ

గంగ నుంచి దోఆబ్‌కు నీరు తేవచ్చునన్న ఊహ కాట్లీది కాదు. ఆయన పై అధికారి కల్నల్ కాల్విన్ దానిని సూచించారు. 1836లో కాట్లీ కొలతలు తీసి చూసి, నేల మట్టాలు అనుకూలంగా లేవని వదిలివేశారు. ఆ మరుసటి ఏడాది వర్షాలు పడలేదు. ఆగ్రా పరిసరాలను అతలాకుతలం చేసిన 1837-38 కరువులో సుమారు ఎనిమిది లక్షల మంది మరణించారని అంచనా. సహాయక చర్యలకు, వసూలు కాని భూమి శిస్తుకు కలిపి కంపెనీ ఖజానాకు భారీ నష్టం వచ్చింది. పాత యమునా కాలువల కింది పల్లెలు మాత్రం తట్టుకున్నాయి. మానవత్వం మాట అటుంచి, కాలువ తవ్వడం కన్న తవ్వకపోవడమే ఖరీదైన వ్యవహారమని కంపెనీ పాలకులకు అప్పుడు తెలిసివచ్చింది.

కాట్లీ మళ్లీ సర్వేకు దిగారు. సుమారు ఆరు నెలల పాటు కాలినడకన, గుర్రం మీద తిరిగి మట్టాలు కొలిచారు. ఈసారి కాలువ తల హరిద్వార్ వద్ద ఉండాలని నిర్ణయించారు. నది కొండలు విడిచి మైదానంలో దిగే ఆ చోటు ఎత్తుగా ఉంటుంది. అక్కడ నీరు అందుకుంటే దోఆబ్ నడుమ గల మెరక మీదుగా కాలువను నడిపి రెండు వైపులా భూములకు పారించవచ్చు. ఆయన నివేదికను లండన్‌లోని డైరెక్టర్లు 1841లో ఆమోదించారు. 1842 ఏప్రిల్‌లో తవ్వకం మొదలైంది. అప్పటికి కాట్లీ వయసు 40 సంవత్సరాలు.

అదే ఏడాది గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ ఎలెన్‌బరోకు ఈ పథకం నచ్చలేదు. కాలువ ముఖ్యంగా పడవల రాకపోకలకు ఉపయోగపడాలనీ, సాగునీరు తరువాతి మాట అనీ ఆయన అభిప్రాయం. ఏటా రెండు లక్షల రూపాయలకు మించి ఇవ్వరాదని కట్టడి చేశారు. ఇటుకలు కాల్చడం, కూలీలను కుదర్చడం, లెక్కలు రాయడం అన్నీ కాట్లీ మీదనే పడ్డాయి.

హరిద్వార్ పండాలు గంగను బంధించడానికి వీలులేదని అభ్యంతరం చెప్పారు. కాట్లీ వారితో తగవు పెట్టుకోలేదు. నది అడ్డంగా కట్టే గట్టులో నీరు ఆగకుండా పారేందుకు ఒక గండి విడిచిపెడతానని అంగీకరించారు. స్నాన ఘట్టాలను బాగు చేయించారు. గణపతి పూజతో పని ప్రారంభింపజేశారు. ఇది భక్తి కాదు, పరిపాలనా దక్షత. అయితే ఆ గండి మాట 70 ఏళ్ల తరువాత మళ్లీ తలెత్తింది.

మరొక అభ్యంతరం వైద్యుల నుంచి వచ్చింది. కాలువల కింద ఊటనీరు నిలిచి జ్వరాలు పెచ్చుపెరుగుతున్నాయన్నది ఫిర్యాదు. 1845లో ఇంజనీర్లు బేకర్, యూల్, వైద్యుడు డెంప్‌స్టర్ సభ్యులుగా విచారణ సంఘం ఏర్పడింది. పల్లెపల్లెకూ వెళ్లి ప్రజల ప్లీహం వాచి ఉన్నదా అని తడిమి చూసి లెక్క తీయడం అప్పుడే మొదలైంది. మలేరియా తీవ్రతను కొలిచే ఆ పద్ధతి వైద్యశాస్త్రంలో దీర్ఘకాలం నిలిచింది. నీటి పారుదల సరిగా లేని చోట్ల జ్వరం ఎక్కువన్న నిజాన్ని సంఘం దాచలేదు. మురుగు పోయే దారి చూపాలన్న షరతుతో కాలువకు అడ్డు తొలగింది.

అప్పటికి ఆరోగ్యం చెడి కాట్లీ సెలవుపై ఇంగ్లండ్ వెళ్లారు. 1845 నుంచి పనిని బేకర్ నడిపించారు. 1847లో లార్డ్ హార్డింజ్ స్వయంగా వచ్చి చూసి నిధులు విడుదల చేయించారు. 1848లో కాట్లీ డైరెక్టర్ హోదాలో తిరిగి వచ్చేసరికి డల్హౌసీ గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక డబ్బుకు కొరత రాలేదు.

నాలుగు వాగులు, నాలుగు ఉపాయాలు

హరిద్వార్ నుంచి రూర్కీ వరకు గల సుమారు 20 మైళ్లే ఈ పథకంలో అసలు పరీక్ష. శివాలిక్ కొండల నుంచి దూకే నాలుగు వాగులు అక్కడ కాలువకు అడ్డం వస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండి, వానాకాలంలో ఒక్క రాత్రిలో ఏనుగును కూడా కొట్టుకుపోయే వాగులవి. రాణీపూర్, పత్రీ వాగులను సూపర్ పాసేజీల ద్వారా కాలువ పైనుంచి దాటించారు. ధనౌరీ వద్ద రత్మౌ వాగును కాలువతో ఒకే మట్టంలో కలిపి, వచ్చిన వరదను తలుపుల గుండా అవతలికి విడిచిపెట్టే ఏర్పాటు చేశారు. రూర్కీ పక్కనే ఉన్న సోలానీ నది మీదుగా మాత్రం కాలువనే దాటించవలసి వచ్చింది.

అందుకు కట్టినదే సోలానీ అక్విడక్టు. గన్నవరం అక్విడక్టును చూసిన గోదావరి జిల్లాల వారికి దాని రూపం వివరించనక్కరలేదు. ఒక్కొక్కటి 50 అడుగుల వెడల్పు గల 15 కమానులు, వాటిపైన గట్ల నడుమ పారే కాలువ, కింద నది. కమానుల స్తంభాలు బావి పునాదుల మీద నిలిచాయి. అక్విడక్టుకు ఇరువైపులా లోయలో రెండు మైళ్లకు పైగా ఎత్తైన మట్టికట్ట పోశారు. ఆ మట్టిని మోయడానికి 1851లో ఒక ఆవిరి ఇంజను తెప్పించి పట్టాలపై నడిపారు. బొంబాయి, ఠాణాల మధ్య ప్రయాణికుల రైలు నడిచినది 1853లో కావడం గమనార్హం. కట్టడం చివరల కూర్చోబెట్టిన రాతి సింహాలు ఆ ప్రాంతానికి గుర్తుగా మిగిలాయి.

ఇన్ని పనులకు చాలినంత మంది శిక్షితులు లేరు. కాలువ అవసరమే రూర్కీలో ఇంజనీరింగ్ కళాశాలకు కారణమైంది. లెఫ్టినెంట్ గవర్నర్ జేమ్స్ థామసన్ 1847లో దానిని స్థాపించారు. కాలువ వర్క్‌షాపులు, కట్టడాలే విద్యార్థులకు ప్రయోగశాలలు. 2001లో ఐఐటీగా మారిన ఆ సంస్థలో ఒక వసతి గృహం పేరు కాట్లీ భవన్.

1854 ఏప్రిల్ 8న రూర్కీలో కాలువను లాంఛనంగా ప్రారంభించారు. అంతకు ఆరు నెలల ముందే మరణించిన థామసన్ ఆ రోజు చూడలేకపోయారు. నాటికి ప్రధాన కాలువ 348 మైళ్లు, శాఖలు 306 మైళ్లు. పొలాలకు నీరందించే పిల్ల కాలువలు క్రమంగా మూడు వేల మైళ్లు మించాయి. 1855 మేలో సాగుకు నీరు వదిలారు. చివరకు ఐదు వేల గ్రామాలలో ఏడున్నర లక్షల ఎకరాలకు పైగా తడిసింది. 52 ఏళ్ల కాట్లీ 1854లోనే దేశం విడిచి వెళ్లారు. ఆయన కలకత్తా వదిలేటప్పుడు కోట నుంచి ఫిరంగులు పేల్చి గౌరవ వందనం చేశారు. ఫిరంగి దళం మనిషికి అంతకు మించిన వీడ్కోలు ఉండదు. సర్ బిరుదు లభించింది. 1858లో కంపెనీ పాలన రద్దయి ఏర్పడిన ఇండియా కౌన్సిల్‌లో ఆయన సభ్యులై పదేళ్లు పనిచేశారు.

కాటన్‌తో వాదం

1860లో గంగా కాలువ పనుల నివేదిక మూడు సంపుటాలుగా, పటాల గ్రంథంతో సహా ప్రచురితమైంది. కాట్లీ రచనలలో ప్రధానమైనది ఇదే. ఏ వంతెన ఎందుకు అక్కడ కట్టిందీ, ఏ వాలు ఎందుకు ఎంచుకున్నదీ, ఇటుకకు, సున్నానికి ఎంత పడిందీ అంతా విపులంగా రాశారు. చదవడానికి హాయిగా ఉండే పుస్తకం కాదు. కాని తరువాత ఆయనను తప్పుపట్టిన వారికి కావలసిన కొలతలన్నీ ఆయనే అందులో సమకూర్చి పెట్టారు.

గంగా కాలువలో పూర్తి స్థాయిలో నీరు వదలలేకపోతున్నారని అప్పటికే తేలింది. తల వద్ద 6,750 క్యూసెక్కులు తీసుకునేలా కట్టిన కాలువలో అంత నీరు వదిలితే అడుగు కోసుకుపోయి, మెట్ల కట్టడాలు దెబ్బతింటున్నాయి. అటువంటి సమయంలో 1863లో కాటన్ ఉత్తర భారతానికి వచ్చి కాలువను చూశారు. తల హరిద్వార్ వద్ద పెట్టడమే పెద్ద పొరపాటనీ, వాగుల మీద డబ్బంతా వృథా అయిందనీ, గోదావరిపై చేసినట్లు మైదానంలో దిగువన, నది ఇసుకలోనే ఆనకట్ట కట్టి ఉండవలసిందనీ విమర్శించారు. వాలు మితిమీరిందని కూడా చెప్పారు.

ఈ విమర్శ వెనుక డబ్బు లెక్క కూడా ఉంది. ప్రైవేటు పెట్టుబడితో కాలువలు తవ్వే ఒక ఇంగ్లీషు కంపెనీ గంగా కాలువను తన చేతిలోకి తీసుకోవాలని చూస్తున్నది. కాటన్ ప్రైవేటు కంపెనీల కాలువలకు గట్టి సమర్థకులు. ఆ కోవకు చెందిన కర్నూలు-కడప కాలువ చివరకు నష్టాలలో కూరుకుపోయి 1882లో ప్రభుత్వం కొనవలసి రావడం రాయలసీమ వారికి తెలిసిన కథే.

కాట్లీ మౌనంగా ఊరుకోలేదు. 1864లో గంగా, యమునా కాలువల తలల గురించి సమాధాన గ్రంథం వెలువరించారు. లండన్ టైమ్స్ పత్రికలో లేఖలు నడిచాయి. ఒకే విద్యాలయంలో చదివి, దేశపు రెండు కొసల రెండు మహానదులను మళ్లించిన ఇద్దరు వృద్ధ అధికారులు బహిరంగంగా కలహించుకోవడం చూసేవారికి ఇబ్బంది కలిగించింది. ఎవరి అనుభవం వారిదే. కాటన్ చూసినది డెల్టా, కాట్లీ చూసినది కొండ దిగువ మెరక.

భారత ప్రభుత్వం క్రాఫ్టన్ అనే ఇంజనీరు చేత పరిశీలన చేయించింది. 1866లో నిపుణుల సంఘం అభిప్రాయం తీసుకుంది. వాలు విషయంలో కాట్లీది పొరపాటేనని తేలింది. తల మాత్రం హరిద్వార్ నుంచి కదల్చనక్కరలేదని, అక్కడ కాటన్ వాదన సరికాదని తేల్చారు. మెట్లను సవరించి, వేగం తగ్గించే పనులు చేపట్టారు. అంతకు ముందే 1860-61లో మరో కరువు వచ్చింది. లోపాలున్న ఆ కాలువే దాని కింది పల్లెలలో పంట నిలిపింది. పొరపాటు ఖజానాకు భారమైంది గాని, కాలువ ఉద్దేశం దెబ్బతినలేదు.

కాట్లీ 1871 జనవరి 25న లండన్ సమీపంలోని సిడెన్‌హామ్‌లో మరణించారు. ఆ తరువాత ఏడేళ్లకు, 1878లో, గంగ దిగువన నరోరా వద్ద నది ఇసుకపై ఆనకట్టతో దిగువ గంగా కాలువ మొదలైంది. కాటన్ చెప్పిన తీరు ఆనకట్టే అది. కాని కాట్లీ కాలువకు బదులుగా కాదు, దానికి తోడుగా వచ్చింది. కాలువల వెంబడి నేల ఉప్పు తేలి చవుడుబారడం అనే సమస్య, రైతులు రేహ్ అని పిలిచేది, అప్పటికే అలీగఢ్ ప్రాంతంలో బయటపడి 1870లలో విచారణకు వచ్చింది. ఇది కాట్లీ గాని, కాటన్ గాని తమ వాదంలో పట్టించుకోని విషయం.

పండాలకు కాట్లీ ఇచ్చిన గండి మాట 1914లో మళ్లీ వివాదమైంది. భీమగోడా వద్ద కొత్త కట్టడాలతో ఆ గండి మూసుకుపోతుందని మదనమోహన మాలవీయ ఉద్యమం నడిపారు. ధార ఆగకుండా పారుతుందని 1916లో ప్రభుత్వం రాతపూర్వకంగా అంగీకరించింది. శతాబ్దం తరువాత 2016లో ఉత్తరాఖండ్ ప్రభుత్వం హరికీ పైడీ వద్ద పారే ధారను కాలువగా ప్రకటించింది. పురోహితుల నిరసనలతో 2020లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు.

కాలువ సామర్థ్యం తరువాతి మార్పులతో పదివేల క్యూసెక్కులు దాటింది. మురాద్‌నగర్ నుంచి ఢిల్లీ నగరానికి తాగునీరు కూడా దీని ద్వారానే వెళుతున్నది. ఏటా దసరా నుంచి దీపావళి వరకు పూడిక తీయడానికి కాలువను కట్టివేస్తారు. ఆ రోజులలో ఢిల్లీలో నీటికి కటకట, హరిద్వార్‌లో ఘట్టాల ముందు గులకరాళ్లు. భక్తులు ఏడాదిపాటు గంగలో విసిరిన నాణేల కోసం జనం ఆ రాళ్ల మధ్య వెదుకుతూ కనిపిస్తారు.